తీర్చే ముందు లెక్క చూద్దాం: అప్పుల్లో దాగిన కోతలు, వాటిని తిరిగి రాబట్టుకునే దారులు



గత రంజాన్ నుంచి కొందరు దాతలు మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అప్పుల్లో కూరుకుపోయిన వాళ్లను ఆదుకోమని జకాత్ సొమ్ము మీ చేతికిచ్చాం. మీరేమో ఆ పేదరాలిని లోన్ కార్డు తెమ్మంటారు, రసీదులు తెమ్మంటారు, బ్యాంకు పుస్తకం తెమ్మంటారు. ఇవ్వదలుచుకుంటే ఇచ్చేయండి, ఈ పరీక్షలన్నీ దేనికి?" అడగాల్సిన ప్రశ్నే. దానికి మసీదు మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరడం లేదు. అందుకే ఈ సంచికలో కాస్త చోటు తీసుకుంటున్నాం.

జకాత్ అందుకోదగిన ఎనిమిది రకాల వారిలో అప్పులపాలైన వారు ఒకరని, ఆ మాట తొమ్మిదవ సూరా 60వ వాక్యంలో ఉందని మీకు మేము చెప్పనక్కర లేదు. అప్పు తీర్చడమంటే నిజంగా బాకీ ఉన్నది తీర్చడం. ఆ బాకీలో చట్టం ఒప్పని కోతలు, అడగని బీమాలు, ఎక్కడా రాయని చార్జీలు కలిసి ఉంటే వాటిని కూడా మనమే కట్టేస్తే మీ సొమ్ము పేదరాలికి చేరదు. ఆమె పేరు మీదుగా ఫైనాన్స్ కంపెనీకి చేరుతుంది. అందుకే ముందు లెక్క, తరువాత సాయం.

మా దగ్గరకు వచ్చేది ఎవరో కూడా చెప్పాలి. ఏలూరులో తివాచీల పని గిట్టుబాటు కాక ఆటో కొనుక్కున్నవారు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో మూటలు మోసేవారు, కొల్లేరు లంక గ్రామాల్లో చేపల చెరువుల మీద కూలికి పోయే ఆడవాళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు పనులు ఆగాయి, కిస్తీలు మాత్రం ఆగలేదు. ఒక కిస్తీ తప్పితే దాన్ని కట్టడానికి ఇంకో చోట అప్పు, దానికి మళ్లీ ఇంకో సంతకం. ఆ సంతకాల దొంతర ముందు పెట్టుకుని కూర్చుంటే తప్ప ఎక్కడ ఎంత కోశారో తెలియదు.

ఒక లెక్క వేసి చూపిస్తాం. ఏ ఒక్క కంపెనీదీ కాదు, మచ్చుకి మాత్రమే. గ్రూపు లోను 40,000 రూపాయలు, 24 నెలల కిస్తీలు, ఏటా 22 శాతం వడ్డీ అనుకుందాం. నెలకు 2,075 కట్టాలి. ఇక కోతలు చూడండి. ప్రాసెసింగ్ ఫీజు ఒక శాతం 400, దాని మీద జీఎస్టీ 72. ప్రాణ బీమా పేరున 1,100. ఆసుపత్రి కార్డు అని 650. కాగితాల ఖర్చు 300. మొత్తం 2,522 కోసి చేతిలో పెట్టేది 37,478. వడ్డీ మాత్రం పూర్తి నలభై వేల మీద నడుస్తుంది. చేతికి వచ్చిన సొమ్మును బట్టి చూస్తే ఆ 22 శాతం అప్పు నిజానికి దాదాపు 29 శాతం అప్పు. అప్పు తీసుకున్న మనిషికి "రెండున్నర వేలే కదా పోయింది" అనిపిస్తుంది. ఏడాదికి ఏడు శాతం పోయిందని ఆమెకు ఎవరు చెబుతారు?

వీటిలో అన్నీ అక్రమం కావు, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. ముందే రాసి చూపించిన ప్రాసెసింగ్ ఫీజు తీసుకోవచ్చు. ఆమె కోరి తీసుకున్న బీమాకు ప్రీమియం తీసుకోవచ్చు. అసలు గొడవ ఆ "కోరి" అన్న మాట దగ్గరే ఉంది. 2022 మార్చి 14న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సూక్ష్మరుణాల ఆదేశాల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుతో పాటు బీమా లాంటి వేరే సరుకు అమ్మాలంటే ఆ మనిషి పూర్తి ఇష్టంతోనే అమ్మాలి. దాని ధర కూడా లోన్ కార్డు మీదే రాయాలి. ఆ కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. వివరాల పత్రంలో రాయని చార్జీ ఒక్కటి కూడా వసూలు చేయకూడదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. కిస్తీ ఆలస్యమైతే ఆగిన మొత్తం మీదే జరిమానా, మొత్తం అప్పు మీద కాదు. అన్నట్టు, ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 దాటాక వసూళ్లకు ఫోన్ చేయకూడదన్నది కూడా వాటిలోదే. రాత్రి ఇషా నమాజు వేళకు ఇంటి ముందు మోటారు సైకిలు ఆపే కలెక్షన్ కుర్రాళ్ల సంగతి మీకు తెలియనిది కాదు.

ఈ నిబంధనలు ఊరికే పుట్టలేదు. వాటి మూలాల్లో కొన్ని మన పక్కనే ఉన్నాయి. 2006 మార్చిలో అప్పటి కృష్ణా జిల్లా అధికారులు వడ్డీలు, చార్జీలు, వసూళ్ల పద్ధతుల మీద ఫిర్యాదులు వచ్చి సూక్ష్మరుణ సంస్థల శాఖలను యాభైకి పైగా మూయించారు. కైకలూరు, మండవల్లి ఆనాడు కృష్ణా జిల్లాలోనివే, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. నాలుగేళ్ల తరువాత గొడవ రాష్ట్రమంతా పాకింది. 2010 అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తరువాత రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో ఒక చక్కని మాట చెప్పింది. సూక్ష్మరుణం ధరలో మూడే మూడు ఉండాలి: వడ్డీ, ఒక శాతం మించని ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం. నాలుగోది ఏదీ ఉండకూడదు. ఆ పరిమితులు తరువాత మారినా, "రాసి చూపించనిది వసూలు చేయకు" అన్నది మాత్రం నిలిచింది.

మిగిలిన అప్పులకు కూడా అదే పద్ధతి వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు చిల్లర అప్పులకు, చిన్న వ్యాపారాల అప్పులకు ఒక వివరాల పత్రం ఇవ్వాలి. అప్పు ఎంత, చేతికి వచ్చేది ఎంత, అన్ని చార్జీలూ కలుపుకుని ఏడాదికి నిజంగా పడే శాతం ఎంత అన్నది అందులో ఉండాలి. పైన మేము వేసిన 29 శాతం లెక్కను ఇప్పుడు కంపెనీయే వేసి రాసివ్వాలన్న మాట. అప్పిచ్చేవాడు వసూలు చేసే బీమా సొమ్ము కూడా ఆ శాతంలోకి రావాలి. ఆ పత్రంలో లేని చార్జీని అప్పు నడుస్తున్నంత కాలం, ఆ మనిషి స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, వేయడానికి వీల్లేదు.

చాలామందికి తెలియని ఇంకొక కోత ఉంది. కాగితం మీద అప్పు మంజూరైన తేదీ ఒకటి, డబ్బు చేతికొచ్చిన తేదీ మరొకటి. వడ్డీ మొదటి తేదీ నుంచి వేస్తారు. లేదా నెల మధ్యలో డబ్బిచ్చి నెలంతటికీ వడ్డీ వేస్తారు. లేదా మొదటి కిస్తీ ముందే పట్టుకుని, వడ్డీ మాత్రం మొత్తం అప్పు మీద లాగుతారు. ఈ మూడింటినీ రిజర్వు బ్యాంకు తన తనిఖీల్లో చూసి 2024 ఏప్రిల్ 29న సర్క్యులర్ ఇచ్చింది. ఇవి న్యాయం కావనీ, తీసుకున్న అదనపు సొమ్ము తిరిగి ఇవ్వమని సంస్థలకు చెబుతున్నామనీ అందులో రాసింది. అంటే "నా డబ్బు వెనక్కివ్వండి" అని అడగడం మన దగ్గర కొత్త ముచ్చట కాదు. అడిగేవాళ్లే తక్కువ.

జరిమానాల విషయంలోనూ అంతే. 2023 ఆగస్టు 18న వచ్చిన ఉత్తర్వు ప్రకారం కిస్తీ తప్పితే వడ్డీ రేటు మీద అదనపు వడ్డీ కలపకూడదు. సమంజసమైన జరిమానా చార్జీ వేయవచ్చు గానీ దాన్ని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. కొత్త అప్పులకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇంటి పత్రాలు కుదువపెట్టి తీసుకున్న అప్పు పూర్తిగా తీర్చాక 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి. కంపెనీ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి. బంగారం అప్పులకూ 2025 జూన్‌లో అలాంటి నియమమే పెట్టారు, 2026 ఏప్రిల్ 1 కల్లా అందరూ పాటించాలన్నారు. మన ఆడవాళ్ల నల్లపూసల లచ్ఛా, చెవుల బుట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో తలుచుకుంటే ఈ ఒక్క నియమం ఎన్ని ఇళ్లకు పనికొస్తుందో తెలుస్తుంది.

ఇక్కడ దాతల్లో వ్యాపారులైన వారికి ఒక మాట, నొచ్చుకోరనే ఆశతో. మీలో కొందరికి ఫోన్ల దుకాణాలు, ఫర్నిచరు షోరూములు ఉన్నాయి. కౌంటరు పక్కన ఫైనాన్స్ కుర్రాడు కూర్చుంటాడు. "సున్నా వడ్డీ" బోర్డు మీ గోడ మీదే ఉంటుంది. వడ్డీ సున్నా, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ఉంటుంది, లేదా నగదు ధరకు వచ్చే తగ్గింపు కిస్తీల వాడికి రాదు. సున్నా వడ్డీ అన్న మాటే నిజం కాదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. ఫోను కొనే కుర్రాడికి ఆ ఫీజు సంగతి ముందుగా మీ నోటితో చెబితే, అది కూడా మేము దానంగానే జమ కట్టుకుంటాం.

ఇక సొమ్ము తిరిగి రాబట్టే సంగతి. మొదటి అడుగు కోర్టు కాదు, ఉత్తరం. ఇన్ని రూపాయలు ఈ పేరున కోశారు, నేను అడగలేదు, నా కార్డు మీద రాయలేదు, తిరిగి జమ చేయండి అని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవడం. లోన్ కార్డు మీద ఫిర్యాదులకు ఎవరికి రాయాలో ఉంటుంది. కొల్లేరు వైపు నుంచి వచ్చిన ఒక సోదరి విషయంలో ఆ ఉత్తరమే సరిపోయింది. ఆమె చేతిలో ఆసుపత్రి కార్డు ఒకటి ఉంది, దేనికో ఆమెకు తెలియదు. "ఆపా, ఇది అడిగి తీసుకున్నారా?" అంటే "లోను కావాలంటే ఇది కూడా తీసుకోవాలన్నారు బాబూ" అంది. ఆ మాటనే ఉన్నది ఉన్నట్టు ఉత్తరంలో రాశాం. కొన్ని వారాలకు ఆ కార్డు సొమ్ము ఆమె ఖాతాలో పడింది. ఆ మేరకు మీ జకాత్ మిగిలింది, వేరొకరికి పనికొచ్చింది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. 2021 నవంబరు 12న వచ్చిన ఏకీకృత పథకంలో బ్యాంకులతో పాటు జనంతో లావాదేవీలు నడిపే పెద్ద ఫైనాన్స్ కంపెనీలు కూడా ఉన్నాయి. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. ఏడాది లోపు వెళ్లాలి. ఆన్‌లైన్‌లో పెట్టలేని వారు కాగితం మీద రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. 14448కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. అదే గొడవ అప్పటికే కోర్టులో ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోడు. కాబట్టి ఏ గడప ముందు తొక్కాలో ఆలోచించుకోవాలి.

రెండో గడప వినియోగదారుల కమిషన్. మన ప్రాంతానికి జిల్లా కమిషన్ ఏలూరులో ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఒక గొప్ప మేలు చేసింది. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా చెన్నైలో ఉన్నా, మనం ఉన్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. సొంతంగా వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు, అది దాటితే ఆలస్యానికి కారణం చూపించి ఒప్పించాలి.

అయినా ఎవరూ వెళ్లరు. ఎందుకంటే 650 రూపాయల కోసం కూలి మానుకుని లంక గ్రామం నుంచి ఏలూరుకు నాలుగు సార్లు తిరిగితే బస్సు చార్జీలకే అంతకు రెట్టింపు అవుతుంది. కంపెనీకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ఒక్కొక్కరి దగ్గర చిన్న మొత్తం, వేల మంది దగ్గర. ఎవరికి వారు చూసుకుంటే చిల్లర, అన్నీ కలిపితే కోట్లు.

దీనికి విరుగుడుగానే చట్టం ఉమ్మడి దారి పెట్టింది. 35వ సెక్షన్ ప్రకారం, ఒకే రకం నష్టం జరిగిన వారిలో ఒకరో కొందరో, కమిషన్ అనుమతి తీసుకుని అందరి తరఫునా ఫిర్యాదు వేయవచ్చు. అమెరికాలో "క్లాస్ యాక్షన్" అంటారే, దానికి మన దేశంలో దగ్గరి చుట్టం ఇదే. అక్కడ ఒకరు వేసిన కేసులో కంపెనీ రాజీకి వస్తే మిగిలిన ఖాతాదారులందరికీ నోటీసులు వెళతాయి, గడువు లోపల క్లెయిమ్ ఫారం నింపిన వారికి వాటా వస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకు అలాంటి నోటీసులు వస్తూనే ఉంటాయి, చాలామంది చదవకుండానే తీసేస్తారు. నిజమైనదో కాదో కోర్టు కేసు నంబరుతో సరిచూసుకుని నింపమని వాళ్లకు చెప్పండి.

మన చట్టంలో ఆ దారి ఉన్నా అది కాస్త ఇరుకైనది. అందరి కష్టం ఒకటేనని, అందరికీ ఒకే ఉపశమనం కావాలని చూపించాలి, అందరికీ తెలిసేలా ప్రకటన ఇవ్వాలి. బెంగళూరులో 1,134 ఫ్లాట్ల సముదాయంలో 51 ఫ్లాట్లు కొన్న 91 మంది అందరి తరఫునా ఇలాగే వెళ్లారు. బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది. వెయ్యి మందికి పైగా ఉన్న చోట అందరి కష్టం ఒకటేనని మీరు చూపించలేదు, కాబట్టి ఇది అందరి తరఫు కేసు కాదు. కానీ మీ వరకు మీరు కలిసి ఒకే ఫిర్యాదు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు అంది.

మాకు ఈ రెండో మాట ఎంతో విలువైనదిగా తోస్తుంది. గ్రూపు లోన్లలో పది పన్నెండు మంది ఒకే రోజు, ఒకే ఇంటి అరుగు మీద కూర్చుని, ఒకే కుర్రాడు చూపించిన చోట సంతకాలు పెడతారు. కోతలు రూపాయి తేడా లేకుండా ఒకటే. ఆ పన్నెండు మంది కలిసి ఒక్క ఫిర్యాదు రాస్తే కాగితాలు ఒక కట్ట, ఏలూరు ప్రయాణం ఒకరిద్దరిది. గ్రూపును కంపెనీ పెట్టించింది ఒకరు కట్టకపోతే మిగిలిన వారు కడతారని. ఆ గ్రూపే అడగడానికి కూడా పనికొస్తుంది.

ఇంకో మాట కూడా చట్టంలో ఉంది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నష్టపోయిన వారు లెక్కకు మించి ఉండి ఎవరెవరో గుర్తించడం తేలిక కానప్పుడు, ఆ సేవల విలువలో కనీసం 25 శాతం చెల్లించమని కమిషన్ ఆదేశించవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఇది 5 శాతమే. ఇక కేసు దాకా వెళ్లలేని వారికి 1915 నంబరు ఉంది. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులో మాట్లాడవచ్చు, చాలా గొడవలు అక్కడే రాజీతో తేలిపోతాయి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం కూడా హక్కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. ఆ నంబరు 15100.

గెలుపు ఖాయమని మాత్రం ఎవరికీ చెప్పం. 2018లో విజయవాడ వినియోగదారుల న్యాయస్థానం మల్టీప్లెక్సుల్లో నీళ్ల సీసాలు ఎమ్మార్పీకి మించి అమ్మవద్దని ఉత్తర్వు ఇస్తే మనమంతా సంతోషించాం. కానీ క్రెడిట్ కార్డుల మీద ఏటా 30 శాతం దాటిన వడ్డీ అన్యాయమని జాతీయ కమిషన్ 2008 జులైలో ఇచ్చిన తీర్పు, పదహారేళ్లు నలిగి, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టులో కొట్టివేతకు గురైంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచింది ఇది. వడ్డీ రేటు ఎక్కువని పోరాడితే కష్టం. చెప్పకుండా కోశారని పోరాడితే నిలబడే అవకాశం ఎక్కువ. అందుకే మేము రాసే ఉత్తరాల్లో రేటు మీద వాదించం, రాయని చార్జీ మీదే వాదిస్తాం.

సొమ్ము వాపసు వచ్చే రోజు వచ్చినా కాగితం లేనివాడికి రాదు. దీనికి మన జిల్లాలో అందరికీ గుర్తున్న ఉదాహరణ అగ్రిగోల్డ్. అది చార్జీల గొడవ కాదు, డిపాజిట్ల మోసం. కానీ పేదవాడు క్లెయిమ్ పెట్టుకుని సొమ్ము అందుకున్న అతి పెద్ద సందర్భం మనకు అదే. 2019 నవంబరులో పదివేల లోపు డిపాజిటర్లు దాదాపు 3.7 లక్షల మందికి సుమారు 264 కోట్లు, 2021 ఆగస్టు 24న మిగిలిపోయిన వారికీ ఇరవై వేల లోపు వారికీ కలిపి 666 కోట్లకు పైగా రాష్ట్ర ప్రభుత్వం చెల్లించింది. పెట్టెలో బాండు, రసీదు భద్రంగా పెట్టుకున్న ముసలమ్మలకు పని సులువైంది. వరదలోనో, ఇల్లు మారినప్పుడో పోగొట్టుకున్న వారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కొల్లేరు ఊళ్లలో కాగితాలను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టమని మేము చెప్పేది అందుకే.

మధ్యలో దళారులు దూరతారు, ఆ మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఇంగ్లండులో అప్పులతో పాటు అంటగట్టిన బీమా సొమ్ము వాపసు చేయమని బ్యాంకులను ఆదేశించారు. 2019 ఆగస్టు 29 గడువు నాటికి వెల్లువెత్తిన క్లెయిముల మీద మొత్తం 3,800 కోట్ల పౌండ్లకు పైగా తిరిగి చెల్లించారు. మన గ్రూపు లోను బీమా లాంటి గొడవే అది. అక్కడ ఎవరికి వారు ఉచితంగా పెట్టుకోగల క్లెయిముకు ఏజెంట్లు పుట్టి పెద్ద వాటాలు పట్టుకుపోతుంటే, 2018లో ఆ కమీషన్‌ను 20 శాతానికి కట్టడి చేస్తూ చట్టం తేవలసి వచ్చింది. ఇక్కడ కూడా "నీ లోను మాఫీ చేయిస్తాను, రెండు వేలు ఇవ్వు" అంటూ ఊళ్లలో తిరిగేవారు ఉన్నారు. అంబుడ్స్‌మన్‌కు గానీ 1915కు గానీ ఒక్క పైసా ఇవ్వనక్కర లేదని, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మీ ఇంట్లో పని చేసే అమ్మాయికి ఒకసారి చెప్పండి.

పదివేలు రాసి ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టే రోజువారీ ఫైనాన్సు, కాల్‌మనీ వ్యవహారాలకు పై దారులు పనికిరావు. లైసెన్సు లేనివాడి మీద అంబుడ్స్‌మన్‌కు అధికారం లేదు. అవి పోలీసుల దగ్గరకు వెళ్లాల్సినవి. అలాంటి అర్జీలు వస్తే మేము ఒంటరిగా పంపం, జమాత్ పెద్దలు ఇద్దరు వెంట వెళతారు.

కొందరు పెద్దలు మరో మాట అన్నారు. వడ్డీయే నిషిద్ధమైనప్పుడు ఈ చార్జీల లెక్కలు మనకెందుకు అని. వాళ్ల మాటను మేము గౌరవిస్తాం, ఖర్జే హసనా నిధిని పెంచాలని ఈ సంచికలో వేరే చోట విన్నవించాం కూడా. కానీ పిల్లవాడిని ఆసుపత్రిలో పెట్టుకుని రాత్రికి రాత్రి సంతకం చేసిన తల్లి ముందు మేము ఫత్వా మాట్లాడలేం. ఆమె చేతిలో ఉన్న కార్డు తీసుకుని, ఎక్కడ ఎంత ఎక్కువ కోశారో చూడగలం. చూస్తున్నాం.

ఈ పనికి డబ్బు కంటే మనుషులు కావాలి. దాతల్లో బ్యాంకుల్లో పని చేసి రిటైరైన వారు, అకౌంట్లు రాసేవారు, తెలుగులో నాలుగు వాక్యాలు తిన్నగా రాయగల ఉపాధ్యాయులు ఉన్నారు. మీరు నెలకు ఒక పూట ఇస్తే చాలు. ప్రతి ఆదివారం జుహర్ నమాజు తరువాత సొసైటీ కార్యాలయంలో కూర్చుంటున్నాం. అర్జీ పెట్టేవారిని పంపేటప్పుడు లోన్ కార్డు, వివరాల పత్రం ఇచ్చి ఉంటే అది, అప్పు డబ్బు పడిన నెల నుంచి బ్యాంకు పుస్తకం, బీమా పేరుతో ఇచ్చిన ఏ చిన్న కాగితమైనా, ఫోనులో వచ్చిన మెసేజీలు తెరిచి చూపించగలిగేలా ఆ ఫోను తెచ్చుకోమనండి. ఒకే గ్రూపులో ఉన్నవాళ్లయితే విడివిడిగా కాకుండా అందరూ ఒకే వారం రావడం మంచిది. అసలు కాగితాలు మేము పెట్టుకోం, జిరాక్సు తీసుకుని అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.